నా వంతు వచ్చింది, ఇంట్లో రంగుల పార్టీ పెట్టుకోవచ్చా?

అనంతపురం నుంచి ఒక గృహిణి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, ఏ కాలనీయో కూడా చెప్పొద్దన్నారు. చెప్పడం లేదు. వయసు 36. భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉన్న ఇల్లు.

పిల్లల్ని బడి దగ్గర దింపేటప్పుడు పరిచయమైన ఆడవాళ్లు ఈమెతో కలిపి ఆరుగురు. నెలకోసారి ఒకరింట్లో కలుస్తారు. మొదట్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ, టీతో సరిపోయేది. కొన్నాళ్లకు ఒకరు కేకు తెప్పించారు. ఇంకొకరు వెళ్లేటప్పుడు అందరి చేతుల్లో వెండి కుంకుమ భరిణెలు పెట్టారు. ఆ తర్వాత కలవడం ఇళ్లలోంచి హోటళ్లకు మారింది. పోయిన నెల బిల్లు నాలుగు వేలు దాటిందట. వచ్చే నెల ఈమె వంతు.

భర్తది ప్రైవేటు ఉద్యోగం. కొన్ని నెలలుగా జీతం సగం ఇప్పుడు, సగం ఎప్పుడో అన్నట్టు వస్తోంది. ఈ సంగతి స్నేహితురాళ్లకు తెలియదు. చీరలకు ఫాల్స్ కుట్టి, పికో చేసి దాచుకున్న 1,200 రూపాయలు మాత్రం ఈమె చేతిలో ఉన్నాయి. పెళ్లికి ముందు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష పాసయ్యారు. బెంగళూరులో ఏదో కేఫ్‌లో స్నేహితులంతా కూర్చుని బొమ్మలు వేసుకునే వీడియో చూశాక, ఇదే మా మిద్దె మీద పెట్టుకుంటే ఎట్లుంటుంది అనిపించిందట. గ్రూపులో ఆ మాట పెట్టారు.

ఒకామె, "నాకు సక్కగా ఒక గీత గూడా రాదు, పిల్లోళ్ల డ్రాయింగ్ క్లాసుకు నేనెందుకు ప్పా" అని నవ్వు బొమ్మలు పంపారు. కాస్త కలిగినావిడ ఒకరు, "బెంగళూరు నుంచి నేర్పేవాళ్లను పిలిపిస్తా, ఖర్చంతా నాదే" అన్నారు. మిగతా ముగ్గురూ ఏమీ అనలేదు. ఇంట్లో అత్తగారు, "పోయిన దసరాకే కదా ఇంటికి రంగులేపిచ్చింది. బండలన్నీ పూసి పోతారు, కడిగేదెవురు? నీళ్లు యాడుండాయి?" అన్నారు. భర్త, "జ్వరమని చెప్పి ఈసారికి తప్పించుకో" అన్నారు.

ఉత్తరం మధ్యలో, వేరే సంగతేదో చెబుతూ, ఈమె రెండు మాటలు రాశారు. ఆ ముగ్గురిలో ఒకామె పిల్లాడి పరీక్షలని రెండు నెలలుగా రావడం లేదు. ఇంకొకామె హోటల్‌కు వచ్చి, ఉపవాసమని చెప్పి మజ్జిగ తాగి కూర్చున్నారు.

చివర్లో మూడు ప్రశ్నలు. పార్టీ పెట్టాలా, మానాలా? పెడితే తక్కువలో కానిచ్చినట్టు కనబడకుండా ఎట్లా? మనిషికి 200 రూపాయలు అడగొచ్చా?

*

అమ్మా, మీకు డబ్బు తక్కువ కావడం ఒక చిక్కు. అది ఎవరికీ తెలియకూడదనుకోవడం ఇంకొక చిక్కు. ఉత్తరంలో రెండింటినీ కలిపేశారు కాబట్టి బరువెక్కువైంది. మొదటిదానికి మీ 1,200 చాలు, కొంత మిగులుతుంది కూడా. రెండోదానికి 12,000 పెట్టినా చాలదు. మీ తర్వాతి నెల ఇంకొకరి వంతు వస్తుంది, అక్కడికి వెళ్లాలి. ఆరు నెలలకు మళ్లీ మీ వంతే వస్తుంది. ఒక సాయంత్రం గట్టెక్కినంత మాత్రాన అది తీరేది కాదు. అందుకే ముందు ఆ సాయంత్రం గురించి కాకుండా మీ గ్రూపు గురించి మాట్లాడతాను. బొమ్మల సంగతి తర్వాత వివరంగానే చెబుతా, ఆ భాగం నాకు ఇష్టం కూడా.

పరీక్షలని రానావిడ, ఉపవాసమని తిననావిడ. వాళ్ల ఇళ్లలో ఏం జరుగుతోందో నాకు తెలియదు. నిజంగానే పరీక్షలు కావచ్చు, నిజంగానే ఏకాదశి కావచ్చు. కానీ మీ ఆయన మీకు నేర్పిన జ్వరానికీ ఈ రెండు మాటలకూ పోలిక మీకు కనబడలేదా? నాలుగు వేల బిల్లు వచ్చిన రోజు ఆ బల్ల చుట్టూ ఇబ్బంది పడినవాళ్లు మీరొక్కరే కాకపోవచ్చు. ఆరుగురిలో ముగ్గురు మొహమాటంతో మోస్తున్న ఖర్చును మిగతా ముగ్గురు సరదా అనుకుంటూ ఉండొచ్చు. ఆ ముగ్గురిలోనూ అందరికీ సరదాయేనా అన్నది ఎవరూ అడగలేదు.

నవ్వు బొమ్మలు పెట్టినావిడ మాటను మీరు రెండో సగం నుంచి చదివారు. "పిల్లోళ్ల క్లాసు" అన్నది మీకు గుచ్చుకుంది. మొదటి సగం చూడండి: "నాకు సక్కగా ఒక గీత గూడా రాదు." పెద్దయ్యాక నలుగురిలో కూర్చుని, రాని పని చేయాలంటే ఎవరికైనా బెరుకే. హోటల్లో అయితే అందరికీ తినడం వచ్చు. మీ ఇంట్లో మీకు లోయర్ గ్రేడ్ ఉంది, ఆమెకు లేదు. ఆ నవ్వు మిమ్మల్ని చిన్నబుచ్చడానికే పెట్టారని నేననుకోను. అయినా, ఎప్పుడూ అట్లానే మాట్లాడే మనిషో కాదో నాకంటే మీకు బాగా తెలుసు. ఎప్పుడూ అంతే అయితే ఆమె కోసం మీ పార్టీని మార్చుకోవద్దు.

ఇక మీ ముందున్న దారులు.

మానేయడం ఒకటి. జ్వరం అని చెప్పి మానేస్తే ఖర్చు వాయిదా పడుతుందే గానీ పోదు. పైగా మరుసటి రోజు బడి దగ్గరో, క్లాక్ టవర్ దగ్గరో, సప్తగిరి సర్కిల్లోనో ఎవరో ఒకరు ఎదురుపడతారు. అబద్ధం లేకుండా మానేయడమూ ఉంది: "ఈ నెల నాకు కుదరదు, ఇంకొకరు తీసుకోండి" అని, కారణం చెప్పకుండా. అది తప్పేం కాదు. కానీ మీరు ఆ వీడియో చూసి ముచ్చటపడి గ్రూపులో పెట్టిన మనిషి. మానేస్తే మీకు మిగిలేది 1,200 ఒక్కటే కాదు, కాస్త చేదు కూడా.

కలిగినావిడ మాటకు సరేనడం రెండోది. నేర్పేవాళ్లు వస్తారు, అందరూ ఒకే బొమ్మను మెట్టు మెట్టుగా వేస్తారు, ఫోటోలు బాగుంటాయి. మీకు రూపాయి ఖర్చుండదు. అయితే ఆ సాయంత్రం మీ ఇల్లు మీది, పార్టీ ఆమెది. తర్వాత ఆమె ఏ ఖరీదైన ఆలోచన చెప్పినా కాదనడం మీకు కష్టమవుతుంది. ఆమె మంచి మనసుతోనే అన్నారని అనుకుందాం. దాన్ని నొప్పించకుండా పక్కన పెట్టడానికి ఒక్క మాట చాలు: "ఈసారి నేనే చూపిస్తాలే, నాకు చాన్నాళ్లుగా చేయాలనుంది." ఇది అబద్ధమేం కాదు కదా. ఆమె ఇంకా ఏదైనా చేస్తానంటే పెద్ద చాపో, రెండు మడత బల్లలో తెమ్మనండి. పెట్టాలనుకునే చేతికి పనిస్తే తృప్తి పడుతుంది, మీకూ బాకీ అనిపించదు.

మనిషికి 200 అడగడం మూడోది. బెంగళూరు, హైదరాబాద్ కేఫ్‌లలో తలకింత అని తీసుకుంటారు, అక్కడ అది వ్యాపారం. మన ఇంటి గడప దగ్గర డబ్బులడగడం మీకు నోరు రాదు, ఇచ్చేవాళ్లకూ ఇబ్బందే. చీటీల్లో నెలనెలా లెక్క తేడా లేకుండా కట్టే మనమే, భోజనానికి పిలిచి డబ్బడిగితే మాత్రం చెప్పుకుంటాం. ఇంకో చిక్కు కూడా ఉంది. మీ వంతు వచ్చినప్పుడే ఈ మాట వస్తే, మీ కోసమే తెచ్చిన నియమంలా కనబడుతుంది. ఉపవాసం ఉన్నావిడకు 200 కూడా బరువేమో, అదీ ఆలోచించండి. అడగాల్సింది ఉంది, కానీ ఇప్పుడు కాదు, ఇట్లా కాదు. దానికి మళ్లీ వస్తా.

నాలుగోది, మీ డబ్బుతో, మీ ఇంట్లో, మీకు వచ్చినట్టు పెట్టుకోవడం. నేనైతే ఇటువైపే మొగ్గుతాను. ఎందుకంటే మీ రెండో ప్రశ్న "తక్కువలో కానిచ్చినట్టు కనబడకుండా ఎట్లా" అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. బెంగళూరు కేఫ్‌ను మిద్దె మీదికి దించాలని చూస్తే తప్పకుండా తక్కువగానే కనబడుతుంది. చిన్న కాన్వాసులు, చిన్న స్టాండులు, ఒకే రకం ఏప్రన్లు అన్నీ సగం సగం ఉంటాయి. ఆ వీడియోను పక్కన పెట్టి, మీ ఇంట్లో ఏముంది, మన జిల్లాలో ఏముంది అని చూస్తే ఆ పోలికే రాదు.

మీ ఇంట్లో ఏముందో చూద్దాం. చీరలకు ఫాల్స్ కుట్టేవాళ్ల ఇంట్లో చీరల డబ్బాలకు కొదవుండదు. ఆ అట్టలను పుస్తకం అంత కొలతకు కోయండి. మెరుపు కాగితం అంటించిన వైపు రంగు పట్టదు, లోపలి గరుకు వైపు వాడాలి. పోయిన దసరాకు రంగులు వేయించారు కాబట్టి గోడలకు కొట్టే నీళ్ల ప్రైమర్ డబ్బా అడుగున ఇంకా మిగిలి ఉంటుంది. దాన్ని కాస్త పల్చగా చేసి ఒక పూత వేసి, ఆరాక అడ్డంగా ఇంకో పూత వేయండి. ఒకవైపే వేస్తే అట్ట వంకరపోతుంది, వెనక వైపు కూడా ఒక పూత తగిలిస్తే నిటారుగా ఉంటుంది. ఇదంతా రెండు రోజుల ముందే చేసి పెట్టుకోండి. తెల్లటి పూత కోసం పోస్టర్ కలర్ వాడొద్దు. దాని మీద తడి బ్రష్ పెట్టగానే కరిగి, పైన వేసే రంగులో కలిసి బురదవుతుంది. ప్రైమర్ ఆరితే నీళ్లకు కదలదు.

రంగులు ఏవి కొనాలన్నది కేవలం డబ్బు సంగతి కాదు, మీ అత్తగారి బండల సంగతి కూడా. పార్టీల్లో ఎక్కువగా అక్రిలిక్ వాడతారు. త్వరగా ఆరుతుంది, ఆరితే గట్టిపడి ప్లాస్టిక్ పొరలా అంటుకుంటుంది. బట్టల మీద ఆరిపోతే ఇక పోదు, బ్రష్‌లో ఆరితే ఆ బ్రష్ పారేయాల్సిందే. పైగా మన అనంతపురం పొడి గాలికి పళ్లెంలో పోసిన అక్రిలిక్ చూస్తుండగానే పెచ్చు కడుతుంది, కొత్తగా వేసేవాళ్లకు అది చిరాకు. పోస్టర్ కలర్స్ జిగురుతో కలిపిన రంగులు. ఆరాక కూడా తడిగుడ్డతో తుడిస్తే వదులుతాయి. నున్నగా పాలిష్ పట్టిన తాడిపత్రి బండ మీద చుక్క పడినా భయం లేదు. గరుకు బండ అయితే సందుల్లో దిగుతుంది, ఎందుకైనా మంచిది, పాత దుప్పటి పరిచి దాని మీద పాత పేపర్లు వేయండి. కాబట్టి పోస్టర్ కలర్సే తీసుకోండి. వాటికీ ఒక లోపముంది. మందంగా పూస్తే ఆరాక పగులుతాయి, తడి తగిలితే చెదురుతాయి. బొమ్మను ఇంటికి తీసుకెళ్లేటప్పుడు పేపర్లో చుట్టి ఇవ్వాలి.

ఇరవై నాలుగు రంగుల డబ్బా కొనొద్దు. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు చాలు, తెలుపు మాత్రం రెండింతలు. మిగతావన్నీ మీరు లోయర్ గ్రేడ్‌లో కలిపి చూసినవే. ఒకరికి సగం అంగుళం చదును బ్రష్ ఒకటి, సన్నటి గుండ్రం బ్రష్ ఒకటి. సన్నవి తక్కువ పడితే ఇద్దరికొకటి. రంగులు, బ్రష్‌లు, మాస్కింగ్ టేపు కలిపి 600 దాటనివ్వనని ముందే గీత గీసుకుని దుకాణానికి వెళ్లండి. దాటేట్టుంటే సీసాల సైజు తగ్గించండి, రంగుల సంఖ్య కాదు. రంగు కలుపుకోవడానికి పాత స్టీలు మూతలున్నాయి, పళ్లేలు కొనొద్దు. మిగతా 600 తిండికి. అంత కావాలా అన్నది మీ వంటింటికే తెలుసు. నిజానికి ఆ 1,200లో పిల్లల ఫీజుకో పాలకో కేటాయించినది ఏమైనా ఉంటే ఈ లెక్కను సగానికి కోసేయండి, పార్టీ అప్పుడూ జరుగుతుంది.

జాజు, అంటే గోడలకు పూసే ఎర్రమట్టి, దాని సంగతి వేరు. మీ అత్తగారికి తెలియకుండా ఉండదు. గోడ అడుగునా, అరుగు అంచునా ఎర్రగా పూసి, పైన ముగ్గు పెట్టిన తరం. పిడికెడు జాజు పొడి నీళ్లలో నానబెట్టి, బట్టతో వడకట్టి, నానిన తుమ్మ జిగురు కలిపితే అచ్చమైన ఎర్రమట్టి రంగు వస్తుంది, సీసాలో కొన్న ఎరుపుకు ఆ నిండుతనం ఉండదు. జిగురు తక్కువైతే ఆరాక వేలికి పొడి అంటుతుంది, ఎక్కువైతే పెళుసెక్కుతుంది. ఒక అట్టముక్క మీద ముందు రోజే వేసి చూసుకోండి. అత్తగారిని మంచి చేసుకోవడానికి ఆమెకొక పని అప్పజెప్పండి అనే సలహా టీవీ సీరియల్ సలహా, అది నేనివ్వను. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న: కడిగేదెవరు, నీళ్లెక్కడ? దానికి నేరుగా జవాబివ్వండి. "ఒక్క బకెట్ నీళ్లు, అంతకు మించి వాడం. కడిగేది నేనే." మనిషికో మగ్గు ఇవ్వకుండా, ఇద్దరికి రెండు డబ్బాలు పెట్టండి. ఒకటి మురికి వదిలించడానికి, రెండోది జాడించడానికి. ఇట్లా చేస్తే నీళ్లు మాటిమాటికీ మార్చక్కర్లేదు. ఆ మాట నిలబెట్టుకున్నాక జాజు గురించి అడిగితే అది నిజంగా అడిగినట్టుంటుంది. ఆమె చెబితే చెబుతారు, టీవీ ముందు కూర్చుంటే కూర్చోనివ్వండి.

ఇప్పుడు అసలు భయం, తెల్లటి అట్ట ముందు కూర్చున్నప్పటి భయం. కేఫ్‌లో ఈ భయాన్ని ఒకే నమూనాతో తీరుస్తారు. సూర్యాస్తమయం, నాలుగు చెట్లు, అందరిదీ అదే. సులువే గానీ, ఆరు బొమ్మలు పక్కపక్కన పెట్టగానే ఎవరిది బాగుంది, ఎవరిది వంకర అని కళ్లే పోల్చేస్తాయి. గీత రాదన్నావిడ మళ్లీ రారు. ఏది వేస్తారో మీ ఇష్టమని వదిలేస్తే ఇంకా కష్టం, అరగంట ఫోన్లో బొమ్మలు వెతకడంతోనే పోతుంది.

మధ్యలో ఒక దారి ఉంది, అది మన దగ్గరే ఉంది. లేపాక్షి చూడనివాళ్లు మీ ఆరుగురిలో ఉండరు. 2022లో జిల్లాలు విడిపోయి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మనకు అది మన లేపాక్షే. వీరభద్రస్వామి గుడిలో పైకప్పు మీది బొమ్మలు 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో వేసినవి. అక్కడ ఆడవాళ్లు కట్టిన చీరలను చూశారా? గళ్లు, చారలు, పూలు, హంసలు, ఒక్కో చీర ఒక్కో రకం. లతా మంటపం స్తంభాల మీద చెక్కిన లతలూ డిజైన్లూ నేతగాళ్ల చీరల అంచుల్లోకి దిగాయి. అక్కడ వాడిన రంగులు ఎన్నో లేవు. ఎర్రమట్టి రంగు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ, అంతే. మీ ఐదు సీసాలు, పిడికెడు జాజుతో అవన్నీ వస్తాయి.

అందుకే అందరికీ ఒక చీర అంచు ఇవ్వండి. ఒక్కొక్కరు ఒక్క రూపం ఎంచుకోవాలి, ఆకో, హంసో, మామిడి పిందో, చుక్కల గడో. దాన్నే అట్ట మీద వరుసగా, మళ్లీ మళ్లీ వేయాలి. ఒక్క హంస వంకరపోతే వంకర హంస అంటారు. పన్నెండు హంసలు తలా ఒక తీరుగా ఉంటే అది డిజైన్. చుక్కలు పెట్టి ముగ్గు వేయడం వచ్చినవాళ్లకు ఇది కొత్త విద్యే కాదు. ఆరుగురివి ఆరు అంచులు కాబట్టి పోల్చడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎవరి పెళ్లి చీర అంచును వాళ్లు వేసుకోవచ్చు కూడా, గుర్తున్నంత వరకు. ధర్మవరం పట్టు కట్టనివాళ్లు మీలో ఎవరున్నారు గనక.

వేసే పద్ధతి ఇది. ముందు అట్ట చుట్టూ ఒక అంగుళం మాస్కింగ్ టేపు అంటించండి. అంటించే ముందు టేపును ఒకసారి చీర కొంగుకో తువ్వాలుకో అద్దితే జిగురు తగ్గుతుంది, లేకపోతే తీసేటప్పుడు అట్ట పొర లేచొస్తుంది. నేపథ్యం మొత్తం జాజు రంగు. అది ఆరేలోపు టీ. తర్వాత పసుపు, తెలుపుతో రూపాలు. ఆఖరున సన్న బ్రష్‌తో నల్లటి అంచు గీత. ఈ నల్లగీత మహత్తు తోలుబొమ్మల్లో చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేక తోలు మీద వేసే రాముడికీ హనుమంతుడికీ రంగులుంటాయి, నల్లటి అంచు గీతలుంటాయి, నగల చోట సన్న చిల్లులుంటాయి. ఆ గీతతోనే బొమ్మకు నిలకడ వస్తుంది. లేపాక్షి బొమ్మలకూ అంతే. మీ స్నేహితురాళ్ల చేయి వణికి రంగు కాస్త బయటికి పోయినా నల్లగీత దాన్ని సర్దుతుంది. చివర్లో టేపు లాగితే చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది. ఫ్రేమ్ కట్టించినట్టే ఉంటుంది, అద్దం ఖర్చు లేకుండా. వెళ్లేటప్పుడు చేతిలో పెట్టేది అదే. వెండి భరిణెల వరుసలో మీరు చేరక్కర్లేదు.

మీకు ఒక హెచ్చరిక. మీకు బొమ్మలు వచ్చు కాబట్టి, పక్కామె తప్పు వేస్తుంటే మీ చేయి ఊరుకోదు. ఆమె బ్రష్ తీసుకుని "ఇట్ల" అని చూపించారంటే అది నిజంగానే డ్రాయింగ్ క్లాసైపోతుంది. మొదటి పది నిమిషాలు మీ అట్ట మీద చేసి చూపించండి, తర్వాత మీరూ కూర్చుని మీ అంచు మీరు వేసుకోండి. పోటీ పెట్టొద్దు, మొదటి బహుమతి అంటూ సబ్బుపెట్టె కూడా వద్దు. ఎవరి బొమ్మను వాళ్లు సరేనన్నాకే స్టేటస్‌లో పెట్టాలని ముందే అనుకోండి.

మిద్దె మీద పెట్టాలనుకున్నారు. వచ్చే నెలంటే ఆషాఢం. మన ఊరి ఆషాఢ గాలి మీకు చెప్పాలా? అట్టలు పక్క మిద్దె మీద ఏరుకోవాలి, తడి రంగు మీద దుమ్ము పడుతుంది. కింద ముందుగదో వరండానో చూడండి, బల్లలు లేకపోతే చాప మీద కూర్చోవచ్చు, ముగ్గులేసిన నడుములే కదా. నాలుగు, నాలుగున్నరకు మొదలుపెడితే పగటి వెలుతురు ఉండగానే రంగులు కలపడం అయిపోతుంది. పసుపు రంగు బల్బు కింద కలిపిన రంగు తెల్లారి చూస్తే వేరేగా ఉంటుంది. ఉగ్గాణి, బజ్జీ బొమ్మలన్నీ అయ్యాక వడ్డించండి. నూనె వేలు పడిన చోట రంగు అంటదు. టీ స్టీలు గ్లాసుల్లోనే ఇవ్వండి, రంగునీళ్లకు కోసిన ప్లాస్టిక్ సీసాలు. రెండూ ఒకేలా ఉంటే మాటల్లో పడి ఎవరో ఒకరు బ్రష్‌ను టీలో ముంచుతారు, కొందరు ఇంకా ముందుకు పోతారు.

ఇక ఆగిపోయిన మాట దగ్గరికి వద్దాం, చెప్పాలా వద్దా అన్నది. ఇందులో నేను తొందరపెట్టను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి సంగతి కాదు. సగం జీతం వస్తున్నది మీ ఆయనకు. జ్వరం అని చెప్పమన్నది పిసినారితనంతో కాదు, నలుగురిలో ఆయన పేరు వస్తుందన్న బెంగతో అనుకుంటా. ఆయనతో కూర్చుని, ఎవరికి ఎంతవరకు చెప్పొచ్చో ముందు మాట్లాడుకోండి. "కొంచెం చూసి ఖర్చు పెట్టుకుంటున్నాం" అనడానికి జీతం సంగతంతా విప్పక్కర్లేదు. ఆయన అదీ వద్దంటే వద్దు. అప్పుడు రహస్యం మోయడం మీకు ఇంకొన్నాళ్లు తప్పదు, కానీ పార్టీకి అది అడ్డం కాదు.

సరేనంటే, గ్రూపులో చెప్పొద్దు. ఆరుగురి ముందు చెప్పిన మాటకు ఒకరు జాలి పడతారు, ఒకరు డబ్బిస్తామంటారు, మీకు రెండూ వద్దు. పరీక్షలని రానావిడ దగ్గరకో, ఉపవాసమన్నావిడ దగ్గరకో ఒక్కరోజు విడిగా వెళ్లండి. ఆమె సంగతి అడగొద్దు. మీ సంగతి ఒక వాక్యం చెప్పండి. ఆమె కూడా ఏదైనా చెబితే మీకో తోడు దొరికినట్టే. చెప్పకపోతే టీ తాగి వచ్చేయండి, నష్టమేమీ లేదు.

ఖర్చుల మాట మీ పార్టీ అయ్యాక, ఉగ్గాణి తింటున్నప్పుడు తీయండి. అప్పటికి మీ వంతు అయిపోయి ఉంటుంది కాబట్టి మీకోసం అడిగినట్టుండదు. "ఇంకమీదట మళ్లీ ఇళ్లలోనే కలుద్దామా, హోటల్ ఏడాదికోసారి పెట్టుకుందాం" అనొచ్చు. లేదా ఆరుగురూ కలిసి ఒక నెల నిమ్మలకుంట వెళ్దామనొచ్చు, తోలుబొమ్మలు చేసేవాళ్లను ముందే అడిగి, వాళ్ల సమయానికి తగిన డబ్బు అందరూ తలా కొంత వేసుకుని. అక్కడైతే తలా కొంత వేసుకోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, మీ 200ల ఆలోచన అక్కడ పనికొస్తుంది. కలిగినావిడ, భరిణెలు ఇచ్చినావిడ ఒప్పుకోకపోవచ్చు. హోటల్ సరదా వాళ్లకు నిజంగా సరదాయే కావచ్చు. అట్లయితే ఎవరి వంతు వాళ్ల ఇష్టం, బహుమతులు మాత్రం వద్దు అన్నంత వరకైనా ఒప్పించి చూడండి. అదీ కుదరకపోతే ఆరు నెలల్లో నాలుగుసార్లు వెళ్లి, రెండుసార్లు మానుకోవచ్చు. ఆ గ్రూపులో మీకు నిజంగా కావాల్సినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లు గ్రూపు బయట కూడా దొరుకుతారు.

గ్రూపులో ఈసారి ఇట్లా పెట్టండి: "శనివారం నాలుగున్నరకు మా ఇంట్లో. పట్టుచీరలు వద్దు, పాత చుడీదారో నైటీయో వేసుకోండి, రంగు పడుతుంది. మీ పెళ్లి చీర అంచు ఫోటో ఫోన్లో తెచ్చుకోండి. గీత రానోళ్లకు మొదటి బజ్జీ." వారం ముందే పంపండి. అందరూ రాకపోతే మిగిలిన అట్టలు మీ పిల్లలకు పనికొస్తాయి, సీసాల మూతలు గట్టిగా బిగించి, నీడలో పెట్టండి. మూత వదులైతే మన ఎండకు పోస్టర్ కలర్ వారంలో రాయవుతుంది.